సర్పంచ్ సుంకన్న మీద వడియాలు

డబ్బు ముట్టకముందే సోమాచారి విగ్రహానికి కళ్ళు తెరిచాడు. జరిగిన తప్పు అదొక్కటే. తక్కినవన్నీ దాని వెనక వచ్చినవే.

ఆళ్ళగడ్డలో రాతిపని చేసే ఏ ఇంట్లోనైనా చిన్న పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. పాదాల నుంచి తలదాకా చెక్కొచ్చు. మీసం తీర్చొచ్చు. పంచె కుచ్చెళ్ళకు నునుపు పట్టొచ్చు. కనుపాపలు మాత్రం చివరి రూపాయి ముట్టాకే. అప్పటిదాకా అది రాయి. బేరం చెడితే ముక్కు కాస్త తగ్గించి, మీసం తీసేసి, ఇంకో ఊరికి ఇంకో పెద్దమనిషిగా అమ్ముకోవచ్చు. కళ్ళు తెరిచాక అది ఆ మనిషే. దాని మీద మళ్ళీ ఉలి పెట్టే చేయి ఊళ్ళో దొరకదు.

ఆ విగ్రహం బండి ఆత్మకూరు దగ్గరి ఒక పల్లె సర్పంచ్ సుంకన్నది. చచ్చిపోయి రెండేళ్ళయింది. కొడుకు మహేశ్ తొంభై అయిదు పంచాయతీ ఎన్నికల్లో నిలబడుతూ, బస్టాండు దగ్గర నాయన విగ్రహం పెట్టించాలని సోమాచారికి పని ఒప్పచెప్పాడు. నలభై అయిదు వేలకు మాట. అయిదు వేలు బయానా. తక్కింది లారీ ఎక్కించే రోజు. కాగితాలేమీ లేవు, ఆ పనిలో ఎవరూ రాసుకోరు. సోమాచారి నల్లరాయి దిమ్మను, కొత్త గ్రైండరును అరువు మీద తెచ్చాడు.

పని అయిపోవచ్చిన రోజున మహేశ్ తల్లి ఎర్రమ్మ బస్సులో ఒక్కతే వచ్చింది. కొట్టం కింద నిలబెట్టి ఉన్న మొగుడి ముందు గోనెపట్ట వేసుకుని కూర్చుంది. చాలాసేపు చూసి, సోమాచారిని అడిగింది.

"అప్పా, ఒక్కతూరి ఆయన నన్ను చూస్తే చాలు. ఊళ్ళో నిలబెట్టేదాకా నేనుంటానో లేదో."

సోమాచారి సన్న ఉలి తీసుకున్నాడు. అతని భార్య భ్రమరాంబిక టీ గ్లాసుతో గడపలోనే నిలబడి ఉంది. ఆమె బీఏ చదివింది, ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో అయిదో తరగతికి చెబుతుంది. వద్దు అని ఒక్క మాట అంటే అతను ఆగేవాడే. ఆమె అనలేదు. టీ చల్లారిపోతోందని మాత్రం చెప్పింది.

నెల తిరక్కుండా మహేశ్ ఓడిపోయాడు. గెలిచినవాళ్ళు బస్టాండు దగ్గర ఆ విగ్రహానికి చోటు లేదన్నారు. మహేశ్ ముందు వచ్చే పంట అన్నాడు, తర్వాత వచ్చే ఏడు అన్నాడు, ఆ తర్వాత బస్సులో కనబడితే కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. కొట్టంలో చోటు కావాలని నలుగురు మనుషులు కలిసి సుంకన్నను దించి పెరట్లో ఇసక మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఏడడుగుల మనిషి. చేతులు రెండు పక్కలకు, భుజం మీద తువ్వాలు, తెరిచిన కళ్ళు ఆకాశం వైపు.

కళ్ళు తెరిచిన సాయంత్రం నుంచే రాయి వెచ్చగా ఉంది. ఎండకు కాగిన వేడి కాదు. మబ్బుపట్టినా, వాన కురిసినా అంతే వెచ్చన, ఒళ్ళు కాస్త కాకగా ఉన్న మనిషిలాగా. ఇరుగుపొరుగు వచ్చి చేయి పెట్టి చూసి, వెచ్చగుండాడే అనుకుని పోయారు. ఎదురింటి జయమ్మకు మోకాళ్ళ నొప్పులు. చలికాలం పొద్దున్నే వచ్చి సుంకన్న డొక్కకు మోకాళ్ళు ఆనించుకుని బీడీలు చుట్టుకునేది. పిల్లి ఆయన కాళ్ళ మధ్య ఈనింది.

రాయి వ్యాపారి ఆరు నెలలు ఊరుకుని గట్టిగా కూర్చున్నాడు. భ్రమరాంబికే బయల్దేరి నంద్యాల వెళ్ళి, నూనెపల్లెలో వడ్డీకిచ్చే అనసూయమ్మ దగ్గర ముప్పై వేలు తెచ్చి అతనికి కట్టింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇంటి కాగితాలు అనసూయమ్మ బీరువాలోకి వెళ్ళాయి. దీపావళికి ముందర ప్రాంసరీ నోటు రాశారు. మూడేళ్ళ లోపల తీరకపోతే నోటు చెల్లదు, తిరగరాయాలి. తిరగరాసినప్పుడు కట్టని వడ్డీ కూడా అసలులో కలుస్తుంది. అనసూయమ్మ ఇదంతా ముందే విడమరిచి చెప్పింది. మోసమేమీ లేదు.

సోమాచారి వేరే పనులు పట్టి తీరుస్తానన్నాడు. తొంభై ఆరులో అతని వేళ్ళు తెల్లబడడం మొదలయింది. గ్రైండరు పట్టీ పట్టీ చేతుల్లో నెత్తురు ఆడడం లేదన్నాడు డాక్టరు. ఉలి పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియడం లేదు. ఒకరోజు సుత్తి దెబ్బ బొటనవేలి మీద పడి గోరు ఊడిపోయింది, అది కూడా నెత్తురు చూశాకే తెలిసింది. ఆ తర్వాత అతను కొట్టంలోకి పోలేదు. అరుగు మీద కూర్చునేవాడు.

భ్రమరాంబిక ఏడవలేదు. పొద్దున లేచి నీళ్ళు పట్టేది, వంట చేసేది, స్కూలుకు పోయేది, జీతం అందగానే దాంట్లో పెద్ద వాటా నంద్యాలకు పంపేది. అన్నంలో ఉప్పు మరిచిపోతే తిన్నాక ఎవరో చెబితేనే తెలిసేది. స్కూల్లో తోటి టీచర్లు ఆమెకు గుండె ధైర్యమెక్కువ అనుకునేవారు. అదేమీ కాదు. ఆమెకు ఏదీ తగలడం లేదు, అంతే. మొగుడి వేళ్ళకు వచ్చిందే తనకు లోపల వచ్చిందేమోనని ఒకసారి అనుకుంది. అనుకుని రొట్టె తిరగేసింది.

ఎర్రమ్మ మాత్రం నెలనెలా వచ్చేది. అమావాస్య దాటిన మరునాడు, బండి ఆత్మకూరు నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ. వచ్చి సుంకన్న తల పక్కన కూర్చుని పొలం సంగతులు, కోడలి సంగతులు చెప్పేది. మధ్యాహ్నం ఇంట్లోనే ఒక ముద్ద తిని నాలుగు గంటల బస్సుకు పోయేది. కొడుకు ఎగ్గొట్టిన డబ్బు గురించి భ్రమరాంబిక ఆమెను అడగలేదు. ముసలామె చేతిలో ఏముంటుందని. రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు ఎర్రమ్మే సోమాచారిని అడిగింది, ఈ వేడి ఎన్నాళ్ళుంటుందని.

"బాకీ తీరేదాకా ఉంటాది," అన్నాడతను. "మా నాయన కాలంలో ఒక వినాయకునికి ఇట్లనే అయింది. దుడ్లు ముట్టిన గంటకు సల్లబడినాడు."

ఎర్రమ్మ విని మొగుడి వైపు తిరిగి కూర్చుంది. తర్వాతి నెల వస్తూ రెండు బూడిద గుమ్మడికాయలు మోసుకొచ్చింది. తమ దొడ్లో కాసినవట.

వ్యాపారం ఆ కాయలతోనే మొదలయింది. రెండు కాయలు ఇద్దరు తినలేరు. భ్రమరాంబిక ముక్కలు కోసి ఉప్పు కలిపి గుడ్డలో కట్టి, బరువు పెట్టి నీళ్ళు కార్చి, మినప్పిండిలో కలిపి వడియాలు పెడదామనుకుంది. మబ్బు పట్టింది. పిండి రుబ్బేసి ఉంది, పులిసిపోతుంది. చుట్టూ చూసింది. తడిపిన పాత పంచె తెచ్చి సుంకన్న మీద గొంతు నుంచి పాదాలదాకా పరిచి, పెట్టేసింది. మొహం మీద కప్పలేదు. మూడు రోజులు ముసురు. వాన పడినప్పుడల్లా పైన టార్పాలిన్ లాగి నాలుగు మూలలా కొయ్యలకు కట్టింది. నాలుగో రోజు పంచె వెనక నీళ్ళు చల్లి లాగితే వడియాలు గలగలా రాలాయి. ఎండలో ఎండినవాటికంటే తెల్లగా ఉన్నాయి, ఎక్కడా బూజు లేదు.

తర్వాతి నెల ఎర్రమ్మ చూసింది. మొగుడి రొమ్ము మీద వరసలు వరసలుగా వడియాలు.

"బతికినన్నాళ్ళు ఈయన ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టలేదమ్మీ," అంది. "ఇప్పుడు చేస్తాండాడు చూడు పని."

అని తానూ గిన్నె ముందరేసుకుని పెట్టడానికి కూర్చుంది. ఆమె చేత్తో పెట్టినవి అన్నీ ఒకే కొలత వచ్చేవి. అప్పటి నుంచి ఆమె వచ్చే రోజున పని సగం ముందే తెమిలేది. గుమ్మడికాయలు ప్రతినెలా తెచ్చేది. డబ్బు ఇస్తే తీసుకునేది కాదు.

భ్రమరాంబిక వడియాలను ఆదివారాలు నంద్యాల తీసుకుపోయేది. అప్పటికే ఆ ఊరంతా బ్యాంకు పరీక్షల కోచింగ్ పిల్లలు. సందుకొక గది, గదికి ఆరుగురు, మూల మూలకు మెస్సు. చర్చి సందులో మెస్సు నడిపే దావీదు మొదట ఒక కేజీ తీసుకుని, వారానికి నాలుగు కేజీలకు వచ్చాడు.

"మేడం, మా పిల్లకాయలకు చక్రవడ్డీ లెక్క తెగకపోతే నీ ఒడియాలే నములుతాండారు," అన్నాడు ఒకరోజు. "ఆ లెక్కలు ఇంగ కొంచెం కష్టం చేయమని సార్లకు చెప్పినా."

చక్రవడ్డీ తనకు వచ్చని చెప్పి ఆమె సంచీ ఖాళీ చేసింది. అతను నవ్వాడు. ఆమె నవ్వాల్సిన చోటే అది, తెలిసింది కూడా, కానీ బస్సుకు టైమయింది.

అక్కడి నుంచి నూనెపల్లెకు నడిచి వెళ్ళి అనసూయమ్మకు వడ్డీ ఇచ్చేది. అనసూయమ్మ మంచినీళ్ళిచ్చేది, కొన్నిసార్లు మజ్జిగ. బుగ్గన ఆకువక్క, వేలికి నిమ్మకాయంత ఉంగరం. మనిషి చెడ్డది కాదు. తన సొమ్ము ఎక్కడుందో మరిచిపోని మనిషి.

"టీచరూ, నాకేం తొందర లేదు," అనేది. "వడ్డీ కట్టుకుంటా పో. అసలు యాడికి పోతాది."

అసలు ఎక్కడికీ పోదు. అదే బాధ. మొదటి మూడేళ్ళలో వడ్డీ కట్టలేకపోయిన నెలలన్నీ కలిపి తొంభై ఎనిమిది దీపావళికి నోటు తిరగరాస్తే ముప్పై వేలు నలభై అయింది. ఆ రోజు భ్రమరాంబిక సంతకం చేసి, బస్సెక్కి, శిరివెళ్ళ దగ్గర దిగిపోయి, ఎందుకు దిగిందో తెలియక తర్వాతి బస్సు కోసం అరగంట నిలబడింది. ఇంటికి వచ్చాక ఒక లెక్క వేసుకుంది. ఇంకోసారి తిరగరాస్తే ఇల్లు పోతుంది. అంటే రెండు వేల ఒకటి దీపావళి లోపల నలభై వేలూ తీరాలి. జీతంతో తీరదు. వడియాలతో తీరాలి.

మరునాటి నుంచి జయమ్మ బీడీలు మానేసి కూలికి వచ్చింది. మోకాళ్ళు సుంకన్నకు ఆనించుకునే పని చేసుకోవచ్చు గనక ఆమెకూ లాభమే. గుమ్మడి వడియాలతో పాటు పిండి వడియాలు, మజ్జిగ మిరపకాయలు. రొమ్ము, పొట్ట మీద వడియాలు, తొడల మీద మిరపకాయలు, భుజాల మీద ఎండాల్సిన మెంతులు. సోమాచారి అరుగు దిగివచ్చి కాకుల్ని తోలే పని పెట్టుకున్నాడు. అంత పేరున్న చేయి కర్ర పట్టుకుని కాకులకు కాపలా ఉండడం చూసి పాత మేస్త్రీలు మొహం తిప్పుకునేవారు. అతను పట్టించుకోలేదు. సాయంత్రం పంచె తీసేశాక రెండు అరచేతులూ సుంకన్న రొమ్ము మీద పెట్టి కూర్చునేవాడు. ఏమైనా తెలుస్తోందా అని భార్య అడిగితే లేదనేవాడు. అయినా తీసేవాడు కాదు.

వానాకాలమే ఆమె గిరాకీ. ఊరందరి వడియాలు బూజు పట్టే ఆషాఢం, శ్రావణాల్లో నంద్యాల అంగళ్ళకు గలగలలాడే సరుకు ఆళ్ళగడ్డ నుంచే వచ్చేది. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి స్కూలు జీతం ఇంటికి, వడియాలు బాకీకి అని విడదీయగలిగింది. అసలు తగ్గడం మొదలయింది. నలభై ముప్పై అయిదయింది, ముప్పై అయింది. అనసూయమ్మ మజ్జిగ మానేసి మంచినీళ్ళే ఇవ్వసాగింది. రెండు వేల ఒకటి భాద్రపదానికి ఇరవై రెండు వేలు మిగిలాయి. దీపావళికి రెండు నెలలు. ఎంత లాగినా పది వేలకు మించి పోగుపడదు. భ్రమరాంబిక అది కూడా లెక్క వేసి, పక్కన పెట్టి, పిండి రుబ్బింది.

ఆ సమయంలోనే మహేశ్ వచ్చాడు. ఆగస్టు ఎన్నికల్లో గెలిచాడు. తెల్లచొక్కా, జీపు. బస్టాండు దగ్గర దిమ్మె కట్టించేశానని, వచ్చే గురువారం ముహూర్తమని, ఎమ్మెల్యే వస్తున్నాడని చెప్పాడు. మిగిలిన నలభై వేలు ఒకేసారి ఇచ్చి నాయనను తీసుకుపోతానన్నాడు. ఆరేళ్ళు ఏమయ్యావని సోమాచారి అడగలేదు. భ్రమరాంబిక సరేనంది. నలభై వేలంటే బాకీ పోను ఇంకో పద్దెనిమిది మిగులుతుంది. సుంకన్న పోతే వానాకాలం సరుకు పోతుంది. ఇల్లు ఉంటుంది. ఇందులో ఆలోచించేదేమీ లేదు.

జయమ్మ ఒక్కతే గొణిగింది. ఇంత వేడి మనిషిని తీసుకుపోయి నడిబజారులో చల్లబెట్టి ఏం చేసుకుంటారని.

బుధవారం పొద్దున లారీ, గొలుసులు, ఆరుగురు మనుషులు వచ్చారు. జీపులో మహేశ్, వెనక సీట్లో ఎర్రమ్మ. ఆమె రావాల్సిన రోజు కాదు అది. గుమ్మడికాయలు తేలేదు. దిగి ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి పోయింది. ముందురోజు పెట్టిన వడియాలు ఇంకా పంచె మీదే ఉన్నాయి. ఆమె సుంకన్న పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి చేటలో వేయసాగింది. సగం ఎండినవి, వేలికి అంటుకుంటున్నాయి. తొందరపడలేదు.

మహేశ్ అరుగు మీద నోట్ల కట్టలు పెట్టి, ఆలస్యానికి ఏదో ఒకటి చెప్పాలి గనక చెప్పాడు.

"నా తప్పు లేదక్కా. తొంభై ఏడులోనే పత్తి అమ్మి ఇద్దామని తీసి పెట్టినా. మాయమ్మే ఇయ్యనీలే. ఇస్తే నీళ్ళు ముట్టనని కూచునింది."

సోమాచారి చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. భ్రమరాంబిక పెరటి వైపు చూసింది. ఎర్రమ్మకు వినబడింది. చేట కింద పెట్టింది.

"నిజమేనా పెద్దమ్మా?" అని అడిగింది భ్రమరాంబిక.

"నిజమే." ఎర్రమ్మ ఆమె వైపు చూడలేదు, అలాగని తలా దించలేదు. "దుడ్లు ముడితే సల్లబడతాడని నీ మొగుడే చెప్పె. ఒగసారి సల్లబడింది చూసినా. ఇంగోసారి నాతోని కాదు."

"నా ఇల్లు తాకట్టులో ఉండాది."

"తెలుసు. నెలనెలా నీ ఇంట్లోనే అన్నం తింటి. ఏ ముద్దకాముద్ద చెప్పాల్నని ఉండె. చెప్పల్యా."

లారీ వాళ్ళు బీడీలు ముట్టించారు. భ్రమరాంబిక కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. ఈ నాలుగేళ్ళూ, శిరివెళ్ళ దగ్గర నిలబడిన ఆ అరగంట, ఉప్పులేని అన్నాలు, అన్నీ ఆ ముసలామె ఒక్క మాట మీద నడిచాయి. కోపం రాలేదు. వచ్చింది లెక్క ఒక్కటే. అది చాలా స్పష్టంగా వచ్చింది.

అరుగు మీద కూర్చుని మహేశ్‌తో చెప్పింది. నలభై వేలు అసలు. తొంభై ఏడులో తీసి పెట్టిన డబ్బు ఇవ్వలేదు గనక ఆ నాటి నుంచి ఈ నాటిదాకా వడ్డీ. మూడు రూపాయలు అడగడం లేదు, రెండు రూపాయలే. అంతా కలిపి అసలుకు దగ్గర దగ్గర అసలంత. డెబ్భై అయిదు వేలకు తెగ్గొడదాం.

మహేశ్ లేచి నిలబడ్డాడు. ఇదేం అన్యాయమన్నాడు. ఇంట్లో రాయిని ఆరేళ్ళు వాడుకుని సంపాదించుకుంది చాలదా అన్నాడు. దాని మీద ఎన్ని వేల కేజీల సరుకు ఎండిందో ఊరంతా తెలుసన్నాడు. ఆ బాడుగ ఎవరివ్వాలన్నాడు.

"అప్పా, ఆ బాడుగంతా నీ బదులు నేను కట్టిన వడ్డీకే పోయింది," అంది భ్రమరాంబిక. "నీకు ఇష్టం లేకపోతే లారీ ఎనక్కి తిప్పుకో. నాకు రేపు పిండి ఉండాది, పరుచుకోవాల."

అతను గోడ వైపు, లారీ వైపు, చేతి గడియారం వైపు చూశాడు. దిమ్మె కట్టించాడు. పందిరి వేయించాడు. ఎమ్మెల్యేకు చెప్పాడు. ఖాళీ దిమ్మెకు దండ వేయించలేడు. జీపులో నంద్యాల పోయి, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. ఎవరిని అడిగాడో ఎంతకు తెచ్చాడో ఆమె అడగలేదు. అతని మొహం ఎలాంటిదో మాత్రం ఆమెకు తెలుసు. నూనెపల్లె నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో తన మొహమూ అలాగే ఉండేది.

ఆ లోపల ఎర్రమ్మ వడియాలన్నీ తీసేసింది. పంచె ఉతికి తీగ మీద ఆరేసింది. తడి గుడ్డతో సుంకన్న రొమ్ము మీద అంటిన పిండి తుడిచింది. మీసం దగ్గర ఎప్పుడో ఎగిరిపడి ఎండిపోయిన మెంతిగింజ ఒకటి గోటితో గీకి తీసింది. జయమ్మ అన్నం పెడితే వద్దంది. చేయి ఆయన చెంప మీద పెట్టి, ఆ చేయి తీయకుండా కూర్చుంది. కాసేపట్లో ఆ చెంప ఏమవుతుందో ఆమెకు తెలుసు, అందరికీ తెలుసు. ఆమె ఏమీ అడగలేదు. అడిగే మొహం లేదు.

భ్రమరాంబిక అరుగు మీదే కట్టలు విప్పి లెక్కపెట్టింది. పదులు, యాభైలు, వందలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. సరిపోయింది. పైసా తక్కువ లేదు. ఆమె అన్నిటినీ మళ్ళీ కట్టలు కట్టి, ఒక పది రూపాయల నోటు మాత్రం బయట ఉంచింది. దాన్ని మడిచి మహేశ్ చొక్కా జేబులో పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"బాకీ."

"దేనికి?"

"నువ్వు నాకు పది రూపాయలు బాకీ ఉండావ్. ఇంత డబ్బులో అంత తక్కువపడింది అనుకో."

మహేశ్‌కు అర్థం కాలేదు. చిల్లర తెచ్చి ఇస్తానన్నాడు. ఎర్రమ్మకు అర్థమయింది. ఆమె చేయి చెంప మీద నుంచి జారి ఒళ్ళో పడింది. ఏదో అనబోయింది. భ్రమరాంబిక అది వినడానికి ఆగలేదు, లారీ వాళ్ళను పిలిచింది.

చల్లబడతాడేమోనని అందరూ ఒక గంట చూశారు. గొలుసులు వేశారు, తీశారు, మళ్ళీ వేశారు. గంట దాటాక సోమాచారి కర్ర గోడకు ఆనించి వచ్చాడు. అరచేతులు పెట్టి లాభం లేదు, అతని చేతులకు తెలియదు. వంగి తన బుగ్గను రాతి రొమ్ముకు ఆనించాడు.

"వెచ్చగనే ఉండాడు," అన్నాడు.

లారీ ఎత్తేటప్పుడు ఎర్రమ్మ ముందర కూర్చోనంది. వెనక తొట్టిలో, గడ్డి మీద, మొగుడి తల పక్కన కూర్చుని పోయింది.

మరునాడు భ్రమరాంబిక స్కూలుకు సెలవు పెట్టి నూనెపల్లె వెళ్ళింది. అనసూయమ్మ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, ఇంటి కాగితాలు తీసిచ్చి, నోటును నాలుగు ముక్కలు చేసింది. అంత మంచి పార్టీ పోతోందని నిజంగానే బాధపడింది. వ్యాపారం పెంచుకుంటానంటే యాభై వేలైనా ఇస్తాననింది, వడ్డీ రెండు రూపాయలకే. భ్రమరాంబిక మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించి వచ్చింది.

తర్వాతి వానాకాలం సరుకు పాడయింది. పెరట్లో ఇసకలో మనిషి ఆకారంలో పల్లం ఉండేది, అందులో నీళ్ళు నిలిచేవి. రెండు సార్లు పెట్టిన పిండి రెండు సార్లూ బూజు పట్టింది. దావీదు ఒక నెల చూసి ప్రొద్దుటూరు సరుకు తెప్పించుకున్నాడు. మొహమాటపడి చెప్పాడు, ఆమె పరవాలేదంది. మిగిలిన డబ్బుతో పెరట్లో రేకుల షెడ్డు వేయించి, కింద బొగ్గుల కుంపట్లు, పైన వెదురు తట్టలు పెట్టించింది. ఖర్చు ఎక్కువ, పొగ వాసన రాకుండా చూసుకోవడం ఇంకో తలనొప్పి. సుంకన్న చేసిన పనికి మూడు కుంపట్లు, ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ లెక్క చూసి సోమాచారి ఒకరోజు అడిగాడు, ఆ రాయిని వదులుకోవడం ఎందుకు, వదులుకున్నాక ఆ పది రూపాయలు వదలడం ఎందుకని.

"అన్ని రోజులు పని చేసిన మనిషి," అంది. "చల్లబడితే నాకేమొస్తాది."

రెండేళ్ళకు దావీదు మళ్ళీ ఆమె సరుకుకే వచ్చాడు. రెండు వేల అయిదులో స్కూలు మానేసింది.

మహేశ్‌కు ఆ పది రూపాయలు గుచ్చుకునేవి. సర్పంచ్ ఒక టీచరుకు పది రూపాయలు బాకీ అని ఊళ్ళో నవ్వుకునేవారు. మొదటి ఏడు బస్సు కండక్టరు చేత పంపాడు. ఆమె అదే కండక్టరు చేత తిప్పి పంపింది. మరుసటి ఏడు మనియార్డరు వచ్చింది. వద్దని పోస్ట్‌మన్ చేత రాయించి వెనక్కి పంపింది. దిమ్మె మెట్ల మీద ఎర్రమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీపు ఆనించుకుని కూర్చుంటోందని, చలికాలం బస్సు కోసం వచ్చినవాళ్ళంతా ఆయన చుట్టే నిలబడుతున్నారని ఆ కండక్టరే చెప్పేవాడు. భ్రమరాంబిక ఆ ఊరికి పోలేదు. ఎర్రమ్మ ఆళ్ళగడ్డకు రాలేదు. గుమ్మడికాయలు మాత్రం నెలకు రెండు బస్సు మీద వచ్చేవి. వాటికి డబ్బు కండక్టరు చేతికి ఇచ్చి పంపేది. అది తిరిగొచ్చేది కాదు.

రెండు వేల ఏడులో కాయలు రావడం ఆగిపోయింది. తల్లి పెద్దకర్మ అయిన వారానికి మహేశ్ తానే వచ్చాడు. గుండు, కళ్ళ కింద నలుపు. ఓడిపోయి ఏడాదయింది, జీపు లేదు. కొత్త షెడ్డును, తట్టలను చూసి, అరుగు మీద కూర్చుని, టీ తాగాక పది రూపాయల నోటు తీసి ముందర పెట్టాడు.

"ఇంగ తీసుకో అక్కా. ఆమె లేదు కదా. ఎవరి కోసమని."

భ్రమరాంబిక ఆ నోటు వైపు చూసింది. ఆ రోజు పని చాలా ఉంది. షెడ్డులో జయమ్మ తట్టలు దించమని కేకేస్తోంది. ఆమె నోటు తీసి అతని గ్లాసు కింద పెట్టి, లేచింది. పోయేటప్పుడు అతను దాన్ని తీసుకుపోయాడు.

ఆమె ఆ తర్వాత ఎవరి దగ్గరా అప్పు చేయలేదు, ఎవరికీ అరువు ఇవ్వలేదు. ఆ పది రూపాయలు మాత్రం తీసుకోలేదు.